పేరంటాలి గూడు

పువ్వు ఇంకా రాలలేదు. పెద్ద బంగళా వెనక వసారాలో, ఇటుకలతో మూసేసిన కమాను నడుమ, జానెడు గూటి నుదుట నూకాలమ్మ పసుపు ముద్దతో అద్దిన చామంతి అద్దిన చోటనే నిలిచి ఉంది. దానికేసి చూస్తూ కూర్చోవడం తప్ప ఈ మధ్యాహ్నం సోమేశ్వరరావుకు చేయగలిగింది మరేమీ మిగలలేదు. గోడలు తొలిచే బ్రేకర్ ఆగింది. సున్నం నూరే గానుగ ఆగింది. కూలీలు తట్టలు బోర్లించి మెట్ల మీద కూర్చున్నారు. బీడీ వెలిగించవచ్చునో కూడదో అడగడానికి మొహమాటపడి దాన్ని వేళ్ల మధ్యనే నలుపుతున్నారు. మరమ్మతు మొదలయ్యాక ఈ బంగళాలో ఇంత నిశ్శబ్దం ఇదే మొదటిసారి. ఆపమన్నది ఆయనే. పునరుద్ధరణ సంఘం అధ్యక్షుడిగా కాదు, ఇంజనీరుగా కాదు. ‘మా చెల్లెలు ఏదో తంతు చేసుకోవాలట, కాసేపు చప్పుడు ఆపండి’ అని, తనది కాని గొంతుతో, చూపు మరోవైపు తిప్పుకొని అడిగాడు. మిషను అదురుకు పువ్వు రాలితే అది మిషను మాట అవుతుంది గాని అమ్మ మాట కాదని నూకాలమ్మ పట్టుబట్టింది. తనంత తాను రాలాలి. కుడివైపు రాలితే అమ్మ వస్తానన్నట్టు. నూకాలమ్మ ఒడిలో పసుపు పూసి ఉంచిన కొత్త ఘటంలోకి ఆమెను పిలుచుకొని బిర్సానగర్‌లోని తన ఇంటికి తీసుకుపోవచ్చు. ఎడమవైపు రాలితే రానన్నట్టు. అప్పుడు చీర పెట్టి, పానకం పోసి, మళ్లీ అడగాలి. అసలు రాలకుండా ఉండిపోతే ఏమన్నట్టో నూకాలమ్మకూ తెలియదు. “ఇంతసేపు నిలబడిపోయిన పువ్వుని నాను ఎక్కడా సూడనేదన్నియ్యా” అని ఇందాక ఒక్క మాట అని, మళ్లీ గూటివైపు తిరిగింది.

ఆ గూటిలో విగ్రహం లేదు. పసుపు రాసిన గోడ, మూడు కుంకుమ బొట్లు, రెండు నల్లగాజులు, అంతే. భర్త బతికి ఉండగా పోయిన ఇల్లాలిని పేరంటాలుగా నిలబెట్టుకోవడం సోంపేట వైపు తమవాళ్ల ఆచారం. ఇలవేలుపుకు ఎంత చేస్తారో ఆమెకూ అంతే చేస్తారు, పెళ్లయితే మొదటి చీర ఆమెకే. తండ్రి ఆదిబాబు ఈ బంగళాలో బట్లరు. తల్లి సూరమ్మ ఈ వసారాలోనే అంట్లు తోమేది. నూకాలమ్మను కన్న పురిట్లో, ఆ చెట్ల వెనక ఇప్పుడు పునాది మాత్రమే మిగిలిన నౌకర్ల గదిలో, జ్వరం తగిలి పోయింది. పెద్దకర్మ ఇంకా కాకుండానే బర్మామైన్స్ కూలీ లైన్లలో ఎవరో ముసలమ్మకు పూనకం వచ్చి, ‘నా పిల్లలున్న చోటనే నన్ను నిలపండి’ అని అడిగిందట. ఆదిబాబు వెళ్లి దొరసాని ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అప్పటికే వసారాలో ఒక కమాను మూసి సామాన్ల గది చేసి ఉన్నారు. ఆ మూత గోడలో రెండిటుకలు తీసి గూడు చేసుకొమ్మని ఆవిడ సెలవిచ్చింది. ఇంగ్లీషులో ఇచ్చింది, తండ్రి ఆ మాటను చనిపోయేదాకా అదే ఇంగ్లీషులో, ఒక్క అక్షరం అర్థం కాకపోయినా, మంత్రంలా అప్పజెప్పేవాడు. కొడుక్కి ఇంగ్లీషు చదువు చెప్పించాలన్న పట్టుదల ఆయనకు బహుశా ఆ మాట దగ్గరే పుట్టిందేమో. సోమేశ్వరరావు బట్లరు కొడుకునని చెప్పుకోవడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. క్లబ్బులో, పదవీ విరమణ సభలో, నలుగురూ వినేటట్లు చెప్పుకొన్నాడు. అదీ ఒక రకమైన గర్వమేనని ఆయనకు తెలుసు. సభలో అమ్మ గురించి మాత్రం చెప్పలేదు. చెప్పడానికి ఏమున్నది? ఉల్లిపాయల వాసన, తడిచేతితో తల నిమిరితే మెడమీదికి జారే ఒక చుక్క, అరుపు కాని పిలుపు. ఇంతకుమించి ఎన్నిసార్లు తవ్వినా ఏమీ దొరకలేదు. ఆమె ముఖం ఆయనకు గుర్తులేదు.

“ఓలమ్మా, రాయే,” నూకాలమ్మ గోడతో మాట్లాడుతోంది. కోడలిని బతిమాలినంత మామూలుగా, పక్కింటావిడతో ముచ్చట పెట్టినంత తీరికగా మాట్లాడుతోంది. “ఎన్నాల్లని ఈ వసారాలో కూకుంతావు? మా ఇల్లు సిన్నదే గానీ గాలేత్తాది. నీ మనవడు నీకని గూడు కట్టించినాడు, టైల్సు గూడా ఏయించినాడు. తెల్లటివి. నీకు తెలుపు నచ్చదేటి? అలాగయితే పసుపు రాసేసుకుందుంలే. ఈ గోడ రేపటికుండదే అమ్మా. నీ కొడుకే పడగొట్టిత్తన్నాడు, నన్నేటి సెయ్యమంటావు?”

ఆ చివరి మాట పొడుస్తుందని ఆయనకు ముందే తెలుసు, పొడిచింది. నూకాలమ్మ కోడలు స్మిత, ఉద్యోగం నుంచి నేరుగా వచ్చినట్లుంది, మెడలో ఇంకా గుర్తింపు కార్డు వేలాడుతోంది, అత్తగారి మోకాలి నొప్పి తలచుకొని కుర్చీ ఒకటి మోసుకొచ్చింది. “మాజీ, ఘుట్నా దుఖేగా, కుర్సీ పే బైఠియే నా.” నూకాలమ్మ తల తిప్పకుండానే, “అమ్మ ముందర కుర్సీలో కూకుంతారేటే? మా అన్నియ్యగారంటే పెద్ద సదువులు సదివినారు, ఆరికి సెల్లుతాది” అంది. మెట్ల మీద ఎవరో నవ్వు ఆపుకొన్నారు. సోమేశ్వరరావు పేము కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. లేవాలా? ఇప్పుడు లేస్తే మందలిస్తే లేచినట్టు ఉంటుంది. లేవకపోతే అమ్మ ముందర కుర్చీ. మోకాళ్లు ఆయనవీ నొప్పే. కాని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన సమయం ఇది కాదు. చేతికర్రను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకొని, వీపు నిటారుగా నిలిపి, కూర్చున్నచోటనే కూర్చుండిపోయాడు. పువ్వు కదలలేదు. రేకుల అంచున కాస్త వాడినట్టుందా, లేక ఎండ వాలడం వల్ల అలా కనిపిస్తోందా?

ఎండ కమానుల మీదుగా వాలుతోంది, తెరుచుకొన్న ఆరు కమానుల మీదుగా. ఏడోది మాత్రం మూసి ఉంది. ఆ మూత గోడ వసారాకు పన్ను ఊడిన నోట్లో కట్టుడు పన్నులా ఉందని తానే ఒకప్పుడు రాసిన నివేదికలో అన్నాడు. నంబరు తప్ప పేరు లేని ఇల్లు ఇది మొదట. జంషెడ్‌పూర్‌కు ఆ పేరు రాకముందు, సాల్ చెట్లు నరికిన మొదళ్ల మధ్య, పొగగొట్టాలు లేచే దిక్కుకు వీపు పెట్టి దొరల కోసం కట్టిన తొలి ఇళ్లలో పెద్దది కనుక కూలీల నోట పెద్ద బంగళా అయింది, ఆ తరువాత కంపెనీ కాగితాలలోనూ అదే పేరయింది. గుర్రబ్బండి వచ్చి నిలిచే వాకిలి మండపం, టేకు మెట్లు, నాట్యాలకని వేసిన చెక్కనేల, వేసవిలో కూడా అరచేతికి చల్లగా తగిలే సున్నపు గోడలు. యుద్ధకాలంలో కిటికీ అద్దాలకు నల్లరంగు పూశారు. దొరలు వెళ్లి మనవాళ్లు వచ్చారు. కొన్నాళ్లు అతిథి గృహం, కొన్నాళ్లు శిక్షణ కార్యాలయం, చివరికి తాళం. ఆ తాళం తుప్పు పట్టేలోగా పైకప్పు అంచున రావిమొక్క వేళ్లు దించింది, చెక్కనేల మీద పావురాలు పిల్లల్ని చేశాయి. అంతకన్నా ఘోరం, తడి కనిపించిన చోటల్లా ఎవరో ప్రజ్ఞావంతులు సిమెంటు పూశారు. సున్నపు గోడకు సిమెంటు పూయడమంటే ఊపిరి పీల్చే మనిషి ముక్కు మూయడం. గోడలోని తేమ బయటికి పోలేక లోపలే తిరిగి తిరిగి ఇటుకను పిండి చేస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని అధికారుల తలకెక్కించడానికి ఆయనకు విశ్రాంత జీవితంలో సగం పట్టింది. ఎక్కించాడు. పని వచ్చింది, నిధులు వచ్చాయి, కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపి సున్నం నూరగలవాళ్లను గంజాం నుంచి పిలిపించాడు. సంఘం మొదటి సమావేశంలో, మర్యాదకు కూడా గొంతు తగ్గించకుండా, ఒకే ఒక నియమం పెట్టాడు: కట్టినవాడు గీసినది ఉంటుంది, తరువాత అతికించినది పోతుంది, ఎవరికోసమూ మినహాయింపు లేదు.

లేదు. ముందరి వసారాకు ఎవరో అధికారి భార్య ముచ్చటపడి పెట్టించుకొన్న అద్దాల తలుపులు పోయాయి. ఒకప్పటి డైరెక్టరుగారి పేరున్న పాలరాతి పలక పోయింది. ఆయన కొడుకు ఢిల్లీ నుంచి ఫోను చేసి కోప్పడితే నియమం చదివి వినిపించి ఫోను పెట్టేశాడు. గేటు దగ్గర కాపలావాడి బజరంగబలి గద్దె పోయింది. ముప్పై ఏళ్లుగా సిందూరం పూస్తూ వచ్చిన ముసలివాడు ఆ రాయిని తువ్వాలులో చుట్టుకొని, సైకిలు వెనక సీటుకు కట్టుకొని, “నియమ్ తో నియమ్ హై హుజూర్” అని నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ నమస్కారంలో ఎక్కడైనా వెటకారం ఉందా అని సోమేశ్వరరావు చాలా రోజులు వెతుక్కొన్నాడు. లేదు. లేకపోవడమే ఇప్పుడు అడ్డం. వెటకారం ఉండి ఉంటే ఆనాడే సగం బాకీ తీరి ఉండేది. గోడలో గూడు ఉందని తెలిసే నియమం పెట్టాడా? తెలుసు. తెలిసి తెలిసి ఎలా పెట్టావన్నియ్యా అని బిర్సానగర్‌లో, చెల్లెలి రెండు గదుల మేడ మీద, టీ గ్లాసు చేతికి ఇవ్వకుండా తన చేతిలోనే పట్టుకొని నూకాలమ్మ అడిగింది. “ఓ మాటనీసి ఆ ఒక్క గోడ ఒగ్గేమనవచ్చు గదా. నువ్వు పెద్దోడివి గదా అక్కడ. నీ మాట ఇనరేటి?” వింటారు. అదే కదా ఇబ్బంది. అధ్యక్షులవారి తల్లి కనుక ఉంచారు, కాపలావాడి దేవుడు కనుక తీశారు అని ఈ ఊరు చెప్పుకొంటుంది. చెప్పుకోకపోయినా తనకు తాను చెప్పుకొంటాడు. ఆ మాట అంటే నూకాలమ్మ టీ మీద కట్టిన మీగడను వేలితో తీసేసింది. తరువాత టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, “అయితే పడగొట్టే ముందు నన్ను పిలుసుకోనీ. నువ్వు గోడ తీసుకో, నాను అమ్మని తీసుకుంతాను” అంది. న్యాయంగానే తోచింది. ఇద్దరికీ సరిపోయేటట్లు ఆస్తి పంచుకొన్నట్టే తోచింది.

గోడను గూటితో సహా కోసి ఎత్తుకుపోవడం గురించి ఆలోచించకపోలేదు. మూత గోడ కనుక మట్టితోనే కట్టారు, ఎత్తితే ఇటుకకు ఇటుక రాలిపోతుంది. పైగా అడగకుండా కదిపితే అది గోడే గాని అమ్మ కాదని నూకాలమ్మ తేల్చేసింది. పిలిచే హక్కు తనకు లేదు. ఇంటి ఆడపడుచై ఉండాలి, ముత్తైదువై ఉండాలి. ఇక్కడ ఆ రెండూ చెల్లెలే. చిత్రం కాదా, ఆమె తల్లిని చూడనే లేదు. పుట్టి కళ్లు తెరిచేలోపల తల్లి కళ్లు మూసింది. ఇందాక ఘటానికి దారం చుడుతూ తనూ అదే అంది: “నువ్వు సూసినావు, నువ్వు పిలవ్వు. సూడని నాను పిలాల. మా బాగుంది.” నవ్వుతూనే అంది. ఎన్నడూ చూడని మనిషితో అంత చనువెలా వస్తుంది? చూసినవాడి నాలుక మీద ఒక్క పిలుపు లేదు. ఇంగ్లీషులో లేదు, తాను అలవాటు చేసుకొన్న ఈ నిర్దుష్టమైన తెలుగులో అసలే లేదు. ఉంటే ఆ చిన్ననాటి మాటలోనే ఉండాలి, దాన్ని బడిలో చేరిన ఏడాదే నోటినుంచి కడిగేసుకొన్నాడు.

సోనారి విమానాశ్రయం నుంచి లేచిన చిన్న విమానం ఒకటి బంగళా మీదుగా పోయింది. పెంకులు సన్నగా అదిరాయి. కూలీలు, సైటు పని చూసే రాజ్‌కిరణ్, స్మిత, ఒక్కసారిగా అందరూ ఆకాశం వైపు కాక గోడవైపు చూశారు. సోమేశ్వరరావు ఊపిరి బిగబట్టాడు. ఎటు రాలాలని కోరుకొంటున్నాడో తనకే తెలియదు. పువ్వు రాలలేదు. ఒక రేక కొస మాత్రం వణికి నిలిచింది. “ఏటిదమ్మా, ఎరోప్లేనుకి గూడా లొంగవేటి?” అని మెట్ల మీంచి ఎవరో తెలుగు కూలీ అంటే అందరూ నవ్వారు, నూకాలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో, ఎందుకు గుర్తొచ్చిందో ఏమో, ఆయనకు ఉదయం గుర్తొచ్చింది.

ఉదయం ఈ గోడను తానే కడిగించాడు. ఫోటో తీయడానికి మనిషి వస్తున్నాడు, తొలగించే ప్రతి భాగాన్నీ తొలగించే ముందు చిత్రంగా భద్రపరచాలన్నది కూడా ఆయన పెట్టిన పద్ధతే. దీపపు మసి, నూనె జిడ్డు, పొరలు పొరలుగా నల్లబడిన పసుపు, ఇన్నేళ్ల ఆడవాళ్ల చేతులు, వాటిలో పోయిన తన భార్య సుధారాణి చేయి కూడా, మెత్తని కుంచెతో రుద్దించి, ఆ పొరల కింద దొర కాలం నాటి సున్నపు పూత తెల్లగా బయటపడేదాకా శుభ్రం చేయించాడు. మసి గూట్లో అమ్మను ఫోటో తీయించడం మర్యాద కాదనిపించింది. శుభ్రమైన గోడ మీదే నూకాలమ్మ కొత్తగా పసుపు రాసి బొట్లు పెట్టింది. అంటే ఏమిటి? ఇన్నేళ్ల నూనె ఉన్న గోడ మీద పసుపు ముద్ద జారుతుంది. పువ్వు అడగడమనే ఆచారమంతా ఆ జారుడు మీదనే నిలిచింది. పెద్దలెవరికీ ఆ సంగతి తెలియనక్కరలేదు, ఎందుకంటే పేరంటాలి గూడును ఎవరూ ఏనాడూ కడగరు. నూనె పోయిన సున్నం దాహంతో ఉంటుంది. పసుపు ముద్దలోని నీటినంతా తాగేస్తుంది. తాగిన కొద్దీ ముద్ద బిగుస్తుంది, బిగిసిన కొద్దీ పువ్వు గోడకు అతుక్కుంటుంది. గంట క్రితం రాలగలిగిన పువ్వు ఇప్పుడు రాలదు, మరో గంటకు గోరుతో గీరినా రాదు. గోడలు ఊపిరి పీల్చుకోవాలని జీవితమంతా వాదించినవాడి గోడ ఊపిరి పీల్చుకొంటోంది.

చెప్పాలి. నోరు తెరిచాడు. “నూకాలమ్మా” అన్నాడు. ఆమె తిరిగింది. ఆ ముఖంలో, ముడతల మధ్య, ఏదో తనకు తెలిసిన వరస. ఇంత వయసు అమ్మకు రానే లేదు, అందుకని అమ్మలా ఉన్నదని అనుకోవడానికీ వీలులేదు. “ఏటన్నియ్యా?” చెబితే ఏమవుతుంది? అమ్మ రాననడం లేదు, సున్నం నీళ్లు తాగింది, అంతే, ఇంకో పువ్వు పెట్టు, నూనె రాసి పెట్టు అని చెబితే ఇది లెక్క అవుతుంది. లెక్క అయితే ఇంతకుముందు రాలిన పువ్వులన్నీ లెక్కలే అవుతాయి. నూకాలమ్మ పెళ్లికి రాలినది, ఆమె కొడుకు టైఫాయిడ్‌లో ఉన్నప్పుడు కుడివైపు రాలినది, అన్నీ నూనె పనే అవుతాయి. చెప్పకపోతే? చెప్పకపోతే అమ్మ రానంటోంది. కొడుకు పడగొడుతున్న గోడను పట్టుకొని, నేను కదలను అంటోంది. ఈ రెండిటిలో ఏది నిజం కావాలని ఉంది? ఇన్నేళ్లూ దీపం పెట్టడానికి సుధారాణి లోపలికి వస్తే తాను కారులో కూర్చొని పత్రిక చదువుకొన్నవాడు, ఈ క్షణాన, ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్న బుద్ధినంతా పక్కకు నెట్టి, అది మొండితనమే కావాలని, ఆమెదే కావాలని, సున్నం కాకూడదని కోరుకొంటున్నాడు. “ఏటి నేదు, కూకో” అన్నాడు. అన్నాక గాని తెలియలేదు ఏ మాటలో అన్నాడో. నూకాలమ్మ ఆయన ముఖంలోకి చూసి, మళ్లీ గోడవైపు తిరిగింది.

అమ్మను తీసుకుపోయిన రోజున ముందరి వసారాలో విందు ఉంది. ఆ సంగతి ఆయనకు తండ్రి చెప్పలేదు, తనకే గుర్తు. పాట వినిపిస్తోంది, పెట్టెలోంచి వచ్చే పాట, గిన్నెల చప్పుడు, దొరల నవ్వులు. అమ్మను వెనక దారిన తీసుకుపోయారు, ఈ వసారా మెట్లు దింపి, మామిడి చెట్ల వెనకగా. పాడె ముందర కుండ పట్టుకొన్న నాన్న తెల్ల కోటు విప్పి కొమ్మకు తగిలించి వెళ్లాడు. తిరిగి వచ్చి స్నానం చేసి, తడి జుట్టుతోనే ఆ కోటు తొడుక్కొని, ముందుకు వెళ్లి కాఫీలు అందించాడు. తనను ఈ వసారాలో కూర్చోబెట్టి, పసిగుడ్డును ఒళ్లో పెట్టి, కదలకు అన్నారు. కదలలేదు. పిల్ల ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక, ఆ చిన్న నోటికి చేయి అడ్డం పెట్టాడు, ముందరివాళ్లకు వినిపించకూడదని. ఎవరు చెప్పారు వినిపించకూడదని? ఎవరూ చెప్పలేదు. మర్యాద అప్పటికే తెలుసు.

“సర్.” రాజ్‌కిరణ్ వంగి చెవి దగ్గర నిలబడ్డాడు. కుర్రవాడే గాని సైటు మీద అనుభవం ఉంది, తాతగారు బర్మామైన్స్‌లో కొలిమి పని చేసినాయన; ఇంటి తెలుగూ బజారు హిందీ కలిపి మాట్లాడతాడు. “అయిదింటికి లేబర్ ఎల్లిపోతాది సర్. పైన మూడు ఇటక వరసలు తీసేసినాం గదా, కమాను బరువంతా జాకీల మీదే ఉంది. రాత్రి అలగ ఒదిలీకూడదని మీరే సెప్పినారు. ఏటి సెయ్యమంటారు?”

“తెలుసు” అన్నాడు సోమేశ్వరరావు.

“మా అమ్మ గూడా పేరంటాలికి మొక్కుతాది సర్, నాకు తెల్దా. ఒక మాటంటాను కోప్పడకండి. పక్క గదిలో ఫ్లోరు మీద బ్రేకర్ ఒక్క నిమిషం ఆడిత్తే, వైబ్రేషన్‌కి అదే పడిపోద్ది. కామ్ హో జాయేగా. పిన్నిగారికి తెలీదు.”

“తెలీదేటి, నాకు సెవుల్లేవేటి?” నూకాలమ్మ గోడవైపే చూస్తూ అంది. కోపం లేదు, అలసట ఉంది. ఆవిడ భుజాలు ఒక్కసారిగా చిన్నవైపోయాయి. “ఆడించమనన్నియ్యా. ఎలగోలాగ పడనీ. ఎటు పడితే అటు. ఇలగ ఒగ్గేసి ఎల్లిపోడం కన్న అది నయం.”

ఇందాక అదే కూడదని పట్టుబట్టిన మనిషి. నియమం ఆవిడది, ఆవిడే వదులుకొంది. ఎంత తేలిగ్గా వదులుకొంది, చేతిలోని వస్తువు కింద పెట్టినంత తేలిగ్గా. ఆయన రాజ్‌కిరణ్ వైపు చూసి తల ఆడించాడు. మాట పలకలేదు, పలికితే అది తన ఉత్తర్వు అవుతుంది.

పక్క గదిలో బ్రేకర్ గర్జించింది. కుర్చీ కింద నేల, బూట్లలో పాదాలు, పళ్లు, అన్నీ అదిరాయి. కమాను మీదినుంచి మట్టి ధారగా కురిసింది. గూట్లోని నల్లగాజులు ఒకదానితో ఒకటి తాకి గలగలలాడాయి, ఎవరో చేతులు విదిలించినట్లు. దుమ్ములో పువ్వు కనిపించలేదు. రాజ్‌కిరణ్ చేయెత్తాడు, మిషను ఆగింది. దుమ్ము మెల్లగా కిందికి దిగింది. పువ్వు అక్కడే ఉంది. స్మిత “హే భగవాన్” అంది. కూలీలు లేచి నిలబడ్డారు. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, ఎండిన ఆకు మీద కాలు వేసినంత చిన్న చప్పుడయింది. గూటి చుట్టూ సన్నని గీత ఒకటి పాకింది. సోమేశ్వరరావు అరవబోయాడు గాని గోడ ఆయన కోసం ఆగలేదు. దొర కాలపు సున్నపు పూత, నుదుటి పసుపుతో, బొట్లతో, పువ్వుతో సహా, పలకలా ఇటుకను విడిచి ముందుకు ఒరిగింది. ఎలా లేచాడో ఆయనకు తెలియదు. కర్ర ఎక్కడో పడింది. మోకాళ్ల మీద ఉన్నాడు, ఆ పలక అంచు రెండు చేతుల్లోనూ ఉంది, రాజ్‌కిరణ్ చేతులు దాని అడుగున ఉన్నాయి, నూకాలమ్మ కొంగు పట్టి ఉంది. పలక పగలలేదు. పసిబిడ్డంత ఉంది, అంతే బరువు కూడా. ఆయన దాన్ని ఒడిలోకి దింపుకొని, నేల మీద, దుమ్ములో, చతికిలబడ్డాడు. సున్నపు చల్లదనం పంట్లాములోంచి తొడలకు పాకింది.

“అమ్మే వచ్చీసింది” అంది నూకాలమ్మ. “పువ్వు రాలకండానే వచ్చీసింది.” ఆ మాట సంతోషంగా మొదలై మధ్యలో తెగిపోయింది. ఘటం ముందుకు తెచ్చి పలక పక్కన పెట్టి, ఒకసారి దాని మూతిని, ఒకసారి పలకను చూసింది. మూతి అరచేయి అంత ఉంది. పిలుపుకు అంత చాలు, పేరంటాలు గాలిలా వస్తుందని కుమ్మరి దగ్గర అందరూ అంతే కొంటారు. ఆవిడ పలకను కొంచెం తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది, ఏ వైపు నుంచీ పట్టదని తెలిసినా తిప్పుతూనే ఉంది. స్మిత దగ్గరికి వచ్చి, దుప్పట్లో చుట్టి తీసుకుపోదామన్నట్టు, “మాజీ, ఐసే హీ లే చలే? చాదర్ మే?” అంటే, “ఘటంలో పెట్టకండా గుమ్మం దాటించకూడదే, ఎలగ తీసుకెల్తాం?” అంది. రాజ్‌కిరణ్ గడియారం వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి, కూలీలకు సైగ చేశాడు. వాళ్లు పారలు తీసుకొన్నారు. మిగిలిన ఇటుకలు ఒక్కొక్కటే, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో పని చేస్తున్నంత మెల్లగా, తీయడం మొదలుపెట్టారు. వెనకనుంచి సాయంకాలపు వెలుతురు కమానులోకి రాసాగింది. మొదట ఒక ఇటుక వెడల్పున, తరువాత రెండు. కట్టినవాడు గీసినట్టే వస్తోంది.

నూకాలమ్మ ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఆవిడ చేతిలో ఘటం, ఆయన ఒడిలో పలక.

“నువ్వు ఇంజినీరువి గదన్నియ్యా” అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతోంది, చిన్నప్పుడు తెగిన గాలిపటం తెచ్చి ఇచ్చినంత నమ్మకంగా. “నువ్వే సెప్పు. ఏది పగలగొట్టమంటావు?”

సోమేశ్వరరావు ఘటం వైపు చూశాడు. ఒడివైపు చూశాడు. పసుపు పూర్తిగా ఎండి, అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తోంది. పువ్వు ఒకవైపు సన్నగా వదులవుతోంది. అది ఎటు ఒరుగుతోందో చూడకుండా, చూడకూడదని ముఖం పక్కకు తిప్పుకొని, ఆయన అరచేయి దాని మీద కప్పి, రాలనీయకుండా పట్టుకొన్నాడు.